బో తెల్లబడ్డావే!

మా ఇంట్లో ఎప్పుడూ ఏదో ఒకటి తక్కువే. నెలాఖరుకి గ్యాస్ తక్కువ, ఎండాకాలం కరెంటు తక్కువ, నాకు కలర్ తక్కువ. మొదటి రెండింటికీ నన్నెవరూ ఏమీ అనలేదు. మూడోది మాత్రం పుట్టినప్పటి నుంచి ఎవరో ఒకరు గుర్తు చేస్తానే ఉన్నారు. మా అవ్వ పాపం ఓదార్పుగా "నలుపు నారాయణుడు మెచ్చు" అనేది. నారాయణుడు మెచ్చుతాడు సరే, పెళ్ళిచూపులకి ఆయన రాడు గదా.

వచ్చింది కందుకూరు వాళ్ళు, 2023 ఆగస్టులో. టిఫిన్ తిన్నారు, కాఫీ తాగారు, బాగా మాట్లాడారు. మూడో రోజు మధ్యవర్తి ఫోన్ చేసి "చదువుంది, ఉద్యోగముంది, అంతా బాగుంది, కలరే కాస్త తక్కువంట" అన్నాడు. ఫోన్ స్పీకర్‌లో ఉంది. నాయన ఏమీ మాట్లాడకుండా చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. ఆ మాట కంటే ఆయన అట్టా వెళ్ళిపోవడమే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

నేనుండేది కోవూరులో, నెల్లూరులో ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తా. రోజూ స్కూటీ మీద పెన్నా బ్రిడ్జి దాటి పోవడం, రావడం. ఎండకి నల్లబడ్డాలే అని సర్దిచెప్పుకుంటూ ఉంటే మా మేనత్త ఫోన్ చేసి ఒక ట్యూబు పేరు చెప్పింది. వాళ్ళ పక్కింటి అమ్మాయి వాడితే నెలలో దబ్బపండు మాదిరి అయిందంట. ఆ సాయంత్రమే మెడికల్ షాపులో అడిగా. డాక్టరు చీటీ ఉందా అనలేదు, ఎందుకని కూడా అడగలేదు. కవర్లో వేసిస్తా "రాత్రిపూట రాయండి మేడం, పగలు ఎండలో తిరగబాకండి" అని సలహా కూడా ఇచ్చాడు. రెండొందల లోపే.

ఇట్టాంటివి చెప్పేవాళ్ళు చాలామంది ఈ ముక్క దాటేస్తారు, నేను దాటను. ఆ క్రీము పనిచేసింది. బో బాగా పనిచేసింది. పది రోజులకి ముఖం నున్నగా అయింది, మూడు వారాలకి ఆఫీసులో ఒకావిడ నా సీటు దగ్గర ఆగి "బో తెల్లబడ్డావే, ఏం వాడుతున్నావ్?" అంది. తర్వాత పాలావిడ. తర్వాత పక్కింటి పిన్నమ్మ. నేనేమీ వాడట్లేదు, నీళ్ళు ఎక్కువ తాగుతున్నా అని అబద్ధం చెప్పేదాన్ని, చెప్పి లోపల నవ్వుకునేదాన్ని. ఇరవై ఆరేళ్ళలో నన్నెవరూ ఆపి చూసింది లేదు. అమ్మ ట్రంకు రోడ్డులో స్టూడియోకి తీసుకెళ్ళి సంబంధాలకి పంపడానికి కొత్త ఫోటో తీయించింది, ఫోటో చూసి చీర కొంగుతో దిష్టి తీసింది. ముఖం ఒక రంగు, మెడ ఒక రంగు కనపడుతుంటే మెడకి కూడా రాయడం మొదలుపెట్టా. నిజం చెప్తున్నా, ఆ నాలుగు నెలలంత సంతోషంగా నేను ఎప్పుడూ లేను. ఆ ఫోటోలు ఇప్పటికీ డిలీట్ చేయలేదు.

సంక్రాంతికి మేనత్త వాళ్ళింటికి పోతా ట్యూబు మర్చిపోయా. రెండో రోజుకి ముఖం మంట, ఎరుపు, నలుగు పెట్టి గట్టిగా రుద్దినట్టు. ఇంటికొచ్చి రాసుకున్నా, గంటలో చల్లబడింది. అప్పుడన్నా బుర్ర వెలగాలి గదా, "అబ్బా, ఎంత మంచి క్రీమో" అనుకున్నా. ఫిబ్రవరికి బుగ్గల మీద సన్నటి నూగు, గడ్డం చుట్టూ ఒకేరకం మొటిమలు, ముక్కు పక్కన ఎర్ర పెన్నుతో గీసినట్టు సన్న నరాలు. స్కూటీ మీద ఎండ తగిలితే బ్రిడ్జి దాటేలోపు కళ్ళల్లో నీళ్ళు.

పొగతోటలో ఒక డాక్టరు దగ్గరికి పోయా. ఆయన కుర్చీలోంచి లేవలేదు, లైటు వేయలేదు. "పింపుల్సే. పెళ్ళైతే అవే పోతాయి" అని నవ్వి, నా వెనకున్న అమ్మ వైపు చూసి ఇంకోసారి నవ్వాడు. అమ్మ కూడా నవ్వింది. నా ట్యూబులో ఉన్నట్టే ఆయన రాసిచ్చిన క్రీములో కూడా స్టెరాయిడ్, అంటే వాపూ ఎరుపూ అణిచే మందు, ఉందని నాకు తెలిసింది మే నెలలో. ఫీజు తీసుకున్నందుకు కాదు నా కోపం. ముఖం పాడైందని ఒక మనిషి ముందు కూర్చుంటే, ఆయనకి కూడా గుర్తొచ్చింది పెళ్ళే.

రెండో డాక్టరమ్మ మొదటి మాటే "ఏం రాస్తున్నావు?" అంది. ఇంట్లో ఉన్నవన్నీ తీసుకురమ్మంది. మర్నాడు ఐదు ట్యూబులు టేబుల్ మీద పోశా. ఆమె నా క్రీము పెట్టె తిప్పి, పక్కనున్న ఎర్ర గీత చూపించింది. ఆ గీత ఉంటే చీటీ లేకుండా అమ్మకూడదంట. 2018లోనే కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులని ఆ జాబితాలో చేర్చిందంట. ఆరు నెలలు ఆ పెట్టె నా దిండు పక్కనే ఉంది, ఎర్ర గీతని నేను డిజైన్ అనుకున్నా.

లోపల మూడు మందులు కలిపి ఉన్నాయి. హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మొమెటాసోన్ అనే స్టెరాయిడ్. మంగు మచ్చలకి డాక్టరు చూస్తూ కొన్ని వారాలు మాత్రమే రాయించే మందంట, ముఖం తెల్లబడటానికి కాదు. స్టెరాయిడ్ రాస్తే చర్మం కింద సన్న రక్తనాళాలు ముడుచుకుంటాయి, దాంతో రంగు తేలినట్టు ఉంటుంది. నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడిపోతుంది. ఆపాక ముడుచుకున్న నాళాలన్నీ ఒక్కసారి తెరుచుకుంటాయి, ఇక మంటే మంట. దీనికి స్టెరాయిడ్ ముఖం అని డాక్టర్లు పేరు కూడా పెట్టుకున్నారు, అంటే నాలాంటి వాళ్ళు ఎంతమంది వస్తుంటారో. తర్వాత నా చేయి తిప్పి, మోచేతి పైన లోపలి వైపు చూపించి "నీ అసలు రంగు ఇది. దీనికంటే తెలుపు ఏ మందు తెచ్చినా అది అప్పు తెచ్చినట్టే" అంది. నేను అకౌంట్స్ చూస్తానని ఆమెకి చెప్పలేదు, ఎట్టా తగిలిందో సరిగ్గా తగిలింది.

ఆపాక ముందు ఎక్కువవుద్ది, తర్వాతే తగ్గుద్ది, ఓపిక పట్టాలి అని కూడా చెప్పింది. తల ఊపి వచ్చా. ఎంత ఎక్కువో ఊహించుకోలేదు.

ఆపిన ఏడో రోజు మే 13. ఓట్ల రోజు. ముఖానికి చున్నీ చుట్టుకుని బడి దగ్గర క్యూలో నిలబడ్డా. లోపల ఏజెంటు కార్డులో ఫోటో చూసి "చున్నీ తీయమ్మా" అన్నాడు. తీశా. గదిలో మాటలు ఆగిపోయాయి. నా వెనకున్న పెద్దావిడ, మా వీధే, దగ్గరికొచ్చి గొంతు తగ్గించి "ఎవురమ్మా నువ్వు, అయ్యో నువ్వా! ముఖమేంది అట్టా ఐపోయింది, ఎవురన్నా ఏమన్నా పోశారా?" అంది.

ఆమెకి చెడు ఉద్దేశం లేదు. నాకు తెలుసు. కానీ ఇంటికొచ్చేదాకా ఆ ప్రశ్నకి ఏం చెప్పాలా అని ఆలోచిస్తానే ఉన్నా. ఎవరూ పోయలేదు, నేనే రోజూ రాత్రి తొమ్మిదిన్నరకి శ్రద్ధగా పోసుకున్నా.

ఆ రాత్రి పదకొండింటికి కరెంటు పోయింది. ముఖం వాచి ఎడమ కన్ను సగం మూసుకుపోయింది, బుగ్గల నుంచి రసి కారి దిండు గలీబుకి అంటుకుని, తల తిప్పితే చర్మం లాగుతోంది. అమ్మ స్టీలు గిన్నెలో నీళ్ళు పెట్టుకుని నాయన పాత పంచె ముక్క తడిపి వేస్తోంది, గుడ్డ రెండు నిమిషాల్లో వేడెక్కుతోంది, మళ్ళీ తడుపుతోంది. ఇంకో చేత్తో విసనకర్ర. ఒంటిగంటకి అనుకుంటా, నేను ట్యూబు అడిగా. ఒక్కసారి రాస్తే గంటలో తగ్గిపోద్ది, నాకు తెలుసు, ఒక్కసారే అని చిన్నపిల్ల ఐస్‌కి ఏడ్చినట్టు ఏడ్చా. అమ్మ లేచి బియ్యం డబ్బాలోంచి తీసింది. దాచింది అక్కడ. మూతకి బియ్యప్పిండి అంటుకుని ఉంది. పెసరగింజంత వేలి మీద వేసుకున్నా.

అప్పుడు అమ్మ నా మణికట్టు పట్టుకుంది. "ఒక్క గంట ఆగు పాపా. గంటాగి నేనే రాస్తా" అంది. గంటకి "ఇంకొక్క గంట" అంది. మధ్యలో ఒకసారి మేడ మీదికి పోదామనిపించింది, ఎందుకో ఇక్కడ రాయను. అమ్మకి అర్థమైందేమో, గుమ్మానికి అడ్డంగా జరిగి కూర్చుంది. విసురుతానే ఉంది. పాల బండి హారన్ వినపడేసరికి నా వేలి మీద క్రీము ఎండిపోయి ఉంది, ఎప్పుడు నిద్రపోయానో తెలియదు.

అదే అమ్మ స్టూడియోలో "ఇంకొంచెం తెల్లగా వచ్చేటట్టు చెయ్యి బాబూ" అని ఫోటోగ్రాఫర్‌తో చెప్పిన అమ్మ. ఈ రెంటినీ నేను ఇప్పటికీ కలపలేకపోతున్నా.

తర్వాత సంగతి చెప్పడానికి పెద్దగా లేదు. డాక్సీసైక్లిన్ మాత్రలు, టాక్రోలిమస్ అనే ఆయింట్‌మెంటు, అది మొదటి వారం పచ్చిమిరపకాయ రుద్దినట్టు మండుద్ది, వాసన లేని మాయిశ్చరైజరు, సన్‌స్క్రీను. నెలనెలా పోవడం, రావడం. నవంబరుకి మంట పోయింది, 2025 వేసవికి నరాలు చాలావరకు కనపడకుండా పోయాయి, ముక్కు పక్కన రెండు ఉండిపోయాయి.

ముఖం కంటే తల నెమ్మదిగా బాగైంది. జూన్‌లో ఆఫీసు బాత్రూములో తలుపేసుకుని 14416కి ఫోన్ చేశా. టెలీ మానస్, మనసు బాగాలేనప్పుడు మాట్లాడే హెల్ప్‌లైన్, 2022 అక్టోబరులో ప్రభుత్వం పెట్టింది, డబ్బులక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. అవతలావిడ గొప్ప మాటలేం చెప్పలేదు, "రాత్రి నిద్ర పట్టిందా? ఏమన్నా తిన్నారా?" అని అడిగింది. నెలన్నరగా అందరూ నా ముఖం గురించే అడుగుతుంటే తిన్నావా అన్నది ఆమె ఒక్కతే. అక్కడే ఏడ్చా.

ఇప్పుడు నా కోపం ఎవరి మీద అంటే, కందుకూరు వాళ్ళ మీద అంతగా లేదు. వాళ్ళ మాటకి రెండు రోజులు ఏడ్చి మర్చిపోయేదాన్నే. నన్ను ఆ ట్యూబుకి కట్టేసింది "తెల్లబడ్డావే" అన్నవాళ్ళు. ప్రేమగా అన్నవాళ్ళు. ముఖం మండటం మొదలైనాక కూడా నేను ఆపలేదంటే, ఆపితే ఆ మాట వినపడదని. ఎవరన్నా సన్నబడితే, తెల్లబడితే వెంటనే మెచ్చుకుంటాం చూడండి, వాళ్ళు దానికి ఏం చేశారో మనకి తెలుసా? అందులో నేనూ ఉన్నా. మా ఆఫీసు అమ్మాయితో నేనే అన్నా ఒకసారి, "తెల్లబడ్డావే" అని. ఆమె అదే ట్యూబు వాడలేదు కదా అని ఆలస్యంగా భయపడి అడిగి కనుక్కున్నా. వాడలేదంట, ఎండలోకి పోవడం మానిందంట.

ఒక్కటి మాత్రం చెప్తా. ఇంట్లో ట్యూబు ఉంటే పెట్టె తిప్పి ఎర్ర గీత ఉందేమో చూడండి. నెలల తరబడి వాడుతుంటే ఇది చదివి ఆవేశంగా మురిక్కాలవలో పారేయబాకండి, ముందు చర్మం డాక్టరు దగ్గరికి పోండి, ఎట్టా ఆపాలో వాళ్ళు చెప్తారు. షాపులో పొట్లం కట్టిచ్చే పేరులేని క్రీములకైతే గీత కూడా ఉండదు, వాటి జోలికే పోవద్దు.

2024 జూలైలో రొట్టెల పండక్కి నెల్లూరు బారాషహీద్ దర్గాకి పోయాం. అక్కడ ఏ కోరిక ఉంటే ఆ పేరు రొట్టె, అది తీరినవాళ్ళ చేతి నుంచి తీసుకుంటారు. స్వర్ణాల చెరువులో నీళ్ళల్లో దిగి, తల మీద గుడ్డ కప్పుకుని నిలబడ్డా. అక్కడ అందరి తల మీదా గుడ్డే, నా చున్నీని ఎవరూ రెండోసారి చూడలేదు, రెండు నెలల్లో అదే మొదటిసారి. గుంటూరు నుంచి వచ్చినామె ఎవరో ఆరోగ్య రొట్టె ఇచ్చింది, ఏ జబ్బు తగ్గిందో నేను అడగలేదు, నాదేంటో ఆమె అడగలేదు. టాక్రోలిమస్ తగ్గించిందా, రొట్టె తగ్గించిందా అంటే నన్ను అడగబాకండి, నేను రెండూ వాడా.

కోరిక తీరితే మళ్ళీ వచ్చి రొట్టె ఇవ్వాలి. 2025 జూలైలో నాలుగు చేసుకుని పోయా. మా పక్కన నీళ్ళల్లో ఒకబ్బాయి, ఇంటర్ చదివే వయసు, ఆరోగ్య రొట్టె కావాలన్నాడు, ఇచ్చా. వెనక్కి తిరిగి చూస్తే అమ్మ లేదు. నాలుగు అడుగుల అవతల పెళ్ళి రొట్టె బోర్డు కింద మోకాళ్ళ లోతు నీళ్ళల్లో నిలబడి, ఎవరో కొత్త పెళ్ళికూతురు దగ్గర రొట్టె తీసుకుంటోంది.

"ఎవురికే అది?" అన్నా.

"నీకే. నోరు మూసుకుని తిను" అంది.

బెల్లం ఎక్కువేశారు. చెరువు గట్టు మీద కూర్చుని ఇద్దరం చెరిసగం తిన్నాం.