బేరిచెట్టు కోసం కోడూరు దాకా

మామ బొలెరో తాడిపత్రి దాటేసరికి ఉదయం ఆరున్నర. నా జేబులో కోడూరు నర్సరీల్లో కొనాల్సిన మొక్కల చీటీ ఉంది, అందులో మొదటి పేరు బేరిపండు, అదే పియర్. దాన్ని చూసినప్పటి నుంచి మామ నవ్వుతూనే ఉన్నాడు.

"ఏం అల్లుడూ, కోడూరులో మంచు కూడా కొనుక్కొస్తామా?"

ఆ పిచ్చి నాకు పోయిన ఆగస్టులో పట్టింది. కూనూరు రోడ్డు పక్కన బుట్టల్లో పెట్టి అమ్ముతుంటే కొని తిన్నాం. గట్టి కాయ, కొరికితే రసం, నాలుక మీద ఇసుక తగిలినట్టు చిన్న గరగర. ఇంటికొచ్చి ఫోన్లో ఒక మొక్క తెప్పించుకున్నాను, 800 రూపాయలు. మార్చిలో చిగురు వేసింది, ఏప్రిల్‌లో ఆకు మాడింది, మే నెలకి ఎండుపుల్ల.

చదవడం ఆ తర్వాత మొదలుపెట్టాను. బేరికి చలికాలం నిద్ర కావాలట. 7 డిగ్రీల లోపు చలి కొన్ని వందల గంటలు తగిలితే గాని మొగ్గ సరిగ్గా విచ్చదు. పంజాబ్ మైదానాల్లో పండే పత్తర్‌నాఖ్ రకం తక్కువ చలితో సరిపెట్టుకుంటుందంటారు, దానికీ దాదాపు 150 గంటలు కావాలి. అనంతపురంలో జనవరి తెల్లవారుజామున దుప్పటి కప్పుకుంటాం నిజమే, కానీ అది చెట్టును నిద్రపుచ్చే చలి కాదు.

ఆ చదువులోనే క్విన్స్ అనే పండు తగిలింది. కాశ్మీరు వైపు పండుతుంది, ఉర్దూలో బిహీ. పేరు చూడగానే మా అవ్వ గుర్తొచ్చింది. దగ్గు వస్తే కర్నూలు యునానీ కొట్టు నుంచి బిహిదానా తెప్పించి నానబెట్టేది. గింజల చుట్టూ సబ్జాలా జిగురు కట్టేది. ఆ గింజలు ఈ పండువే! యూరప్‌లో బేరిని ఈ క్విన్స్ వేరు మీద అంటు కడతారు. చెట్టు పొట్టిగా ఉంటుంది, త్వరగా కాపుకొస్తుంది. అయితే అన్ని బేరి రకాలకూ ఆ వేరు పడదు. విలియమ్స్ రకాన్ని నేరుగా కడితే అతుకు సరిగ్గా కుదరక ఎప్పుడో విరిగిపోతుంది. అందుకని రెండింటికీ పొసగే మూడో రకం ముక్కను మధ్యలో పెట్టి కడతారు.

"పెండ్లిళ్ల పేరయ్య లేకుండా చెట్లకి కూడా కుదరదన్నమాట," అన్నాడు మామ.

కడపలో ఎర్రకారం దోసె తిన్నాం. ఒంటిమిట్ట గోపురానికి బండిలోంచే దండం పెట్టుకున్నాం. నందలూరు దగ్గర చెయ్యేరు వంతెన మీద మాత్రం మామ బండి నిదానం చేశాడు. 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు ఈ ఏరు పొలాలను ఇసుకతో కప్పేసింది. మామకి ఇక్కడ ఒక స్నేహితుడు ఉండేవాడు, అరటి రైతు. అంతకుమించి ఏమీ చెప్పలేదు, నేనూ అడగలేదు.

కోడూరు దగ్గర పడే కొద్దీ రోడ్డుకి రెండు వైపులా నర్సరీలే. మొదటి దాంట్లో కుర్రాడు చీటీ చూసి, "బేరి ఉంది సార్, యాపిల్ కూడా ఉంది, మీ ఊర్లో బ్రహ్మాండంగా కాస్తాయి," అని ఫోన్లో ఫోటో చూపించాడు. ఫోటోలో చెట్టు వెనక మంచుకొండ ఉంది. మామ నా వైపు చూశాడు.

నాలుగో నర్సరీలో పనిమనుషులు లేరు, ఒక పెద్దాయన ఒక్కడే కూర్చుని అంటు కడుతున్నాడు. చీటీ చదివి పక్కన పెట్టేశాడు.

"పైన ఏం రకమో అందరూ అడుగుతారు నాయనా. కింద ఎవురి వేరో అడిగేవాడు లేడు."

చీనీ, అంటే బత్తాయి మొక్కలు రెండు తీసి పక్కపక్కన పెట్టాడు. రెండూ సాత్‌గుడి రకమే, చూడ్డానికి ఒక్కటే. ఒకటి జంబేరి అనే నిమ్మజాతి వేరు మీద కట్టింది, ఇంకోటి రంగపూర్ నిమ్మ మీద. జంబేరిది మొదట్లో ఏపుగా పెరుగుతుంది, కానీ వేరుకుళ్లుకి తొందరగా లొంగుతుంది. రంగపూర్ నీటి ఎద్దడికి ఓర్చుకుంటుంది. మాది ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితే పండగ చేసుకునే నేల. ఇంక వేరే మాట లేదు, రంగపూర్‌వి నాలుగు. అతుకు నేలకి జానెడు ఎత్తున ఉండాలి, నాటేటప్పుడు మట్టిలో పూడకూడదు. "అతుకు కింద ముండ్ల చిగురొస్తే తుంచెయ్యి, దాన్ని బతకనిస్తే పైది సచ్చిపోతుంది," అన్నాడు.

సపోటా అయితే, పాలచెట్టు వేరు మీద కట్టినవే తీసుకోమన్నాడు. అందులో క్రికెట్ బాల్ రకం ఒక్కటే పెడితే కాపు పలచనట, జతగా కాలీపత్తి రకం ఇచ్చాడు. సీతాఫలం బాలానగర్ రకం. మామిడి మీద మాత్రం వాదన జరిగింది. మామకి బంగినపల్లి తప్ప మామిడే లేదు. నాకు మల్లిక కావాలి, నీలం, దశేరీ కలిపి పుట్టించింది, చెట్టు మరీ పెద్దది కాదు. చివరికి రెండూ ఎక్కాయి. బిల్లు కట్టింది మామ కాబట్టి ముందు వరసలో బంగినపల్లి పెట్టించాడు.

బేరి సంగతి అడగలేక అడిగాను. పెద్దాయన లేచి వెళ్లి తల్లిచెట్టు నుంచి దోరజామకాయ తెంపుకొచ్చి చేతిలో పెట్టాడు. లక్నో-49 రకం. కొరికాను. పంటి కింద అదే గరగర. బేరిలోనూ జామలోనూ రాతిలాంటి గట్టి కణాలుంటాయని చదివాను గానీ, నోట్లో పెట్టుకునేదాకా రెండిటినీ కలిపి చూడలేదు. జామ మొక్కలు రెండు.

ఇల్లు చేరేసరికి రాత్రి పది. పొద్దున్నే బేరిపుల్ల పీకి ఆ గుంతలోనే జామ నాటుదామని పలుగు పట్టుకుని పోయాను. పై కొమ్మ పుటుక్కున విరిగింది. అతుకు కింద మాత్రం, నిన్నటి వానకేమో, వేలెడంత చిగురు. ఆకు వేరేగా ఉంది, పక్కన చిన్న ముల్లు. ఏ వేరో ఏమో.

జామకి ఆరు మీటర్ల దూరంలో వేరే గుంత తీశాను. మామకి ఇంకా చెప్పలేదు.