మళ్లీ ఆ డిగ్రీల గొడవే

పొద్దున బావ ఫోన్‌లో అన్న మాట ఇంకా చెవిలో జోరీగలా తిరుగుతోంది. "మాన్యువల్‌లో 6 డిగ్రీలని రాసుంటే 6 పెట్టెయ్. నీకెందుకురా అంత పరిశోధన?"

ఆ 6 అంటే, పిస్టన్ పూర్తిగా పైకి చేరడానికి క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) ఇంకా ఎన్ని డిగ్రీలు తిరగాల్సి ఉండగా స్పార్క్ పడాలో చెప్పే ఇగ్నిషన్ అంకె. 6 పెడితే ఏమవుతుందో చూశాను కాబట్టే ఈ టెన్షన్. ఐడిల్‌లో ఇంజిన్ అటూ ఇటూ ఊగిపోతుంది. ఆక్సిలరేటర్ నొక్కితే ఒక్క క్షణం ఏమీ జరగదు, తర్వాత తీరిగ్గా కదులుతుంది. స్పార్క్‌ని సిలిండర్లకి పంచే డిస్ట్రిబ్యూటర్‌ని తిప్పి 14కి తెస్తే ఐడిల్ కుదుటపడుతుంది, ఆ జాప్యమూ పోతుంది. కానీ ఎత్తు ఎక్కేటప్పుడు స్పీడ్ పెరిగేకొద్దీ చిటచిటమని నాకింగ్ మొదలు, అంటే లోపల పెట్రోలు, గాలి మిశ్రమం తనంతట తానే పేలడం. ఆ శబ్దం వింటే పిస్టన్ల మీద జాలేస్తుంది.

నిజానికి నా కోపం బావ మీద కాదు. ఈ ఇంజిన్‌ని నాకన్నా ముందు విప్పిన మహానుభావుడి మీద. వాల్వుల్ని తెరిచే ఫ్యాక్టరీ క్యామ్ తీసేసి ఎక్కువ డ్యూరేషన్ ఉన్నదేదో, అంటే వాల్వుల్ని ఎక్కువసేపు తెరిచి ఉంచేది, వేశాడు. వేసుకోనీ, ఎవరొద్దన్నారు? దాంతోపాటు ఒక కార్డు వస్తుంది కదా, ఏ వాల్వు ఎన్ని డిగ్రీలకి తెరుచుకోవాలి, ఎప్పుడు మూసుకోవాలి, ట్యాపెట్ గ్యాప్ (వాల్వుకీ దాన్ని నొక్కే రాకర్‌కీ మధ్య సందు) ఎంత అని. ఆ ఒక్క ముక్క దాచలేకపోయాడు. క్రాంక్‌నీ క్యామ్‌నీ కలిపే టైమింగ్ గేర్ల మీద చుక్కకి చుక్క కలిపి, మూత బిగించి, చేతులు దులుపుకున్నాడు. బండి స్టార్ట్ అయితే చాలు, పని అయిపోయినట్టే ఇలాంటివాళ్లకి!

అందుకే ఇవాళ రాకర్లు విప్పి, ఒకటో సిలిండర్ ఇన్‌టేక్ పుష్‌రాడ్ (క్యామ్ కదలికని రాకర్‌కి మోసే కడ్డీ) తల మీద డయల్ గేజ్ ఆనించి, క్రాంక్‌కి డిగ్రీ వీల్ బిగించి కూర్చున్నాను. లోబ్ (క్యామ్ మీది ఉబ్బు) శిఖరం దగ్గర గేజ్ ముల్లు కాసేపు కదలదు, అందుకని అక్కడి అంకెని నమ్మకూడదు. శిఖరానికి అటూ ఇటూ ఒకే లిఫ్ట్ ఉన్న రెండు చోట్లా రీడింగ్ తీసుకుని మధ్యకి లెక్కేయాలి. 112 వచ్చింది, అంటే పిస్టన్ పైనుంచి దిగడం మొదలెట్టాక క్రాంక్ 112 డిగ్రీలు తిరిగితేగానీ ఇన్‌టేక్ వాల్వు పూర్తిగా తెరుచుకోవట్లేదు. ఇలాంటి రోడ్ క్యామ్‌లని 106 చుట్టుపక్కల పెట్టడం మామూలు. అంటే క్యామ్ 6 డిగ్రీలు ఆలస్యంగా నడుస్తోంది. ఇన్‌టేక్ వాల్వు ఆలస్యంగా మూసుకుంటోంది, లోపలికి వచ్చిన మిశ్రమంలో కొంత వెనక్కి పోతోంది. కింది ఆర్‌పీఎంలో బలం లేదంటే ఎలా ఉంటుంది మరి?

ఇక్కడే నాన్న గుర్తొచ్చాడు. ఆయనకి టైమింగ్ చూసే స్ట్రోబ్ లైటూ లేదు, గేజులూ లేవు. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, కాంటాక్ట్ పాయింట్ల మధ్య సిగరెట్ పెట్టెలోని పల్చటి కాగితం ఒక చీలిక పెట్టేవాడు. దాన్ని రెండు వేళ్లతో మెల్లగా లాగుతూ ఉండేవాడు. నేను బండి ముందు నిలబడి ఇంజిన్ తిప్పే హ్యాండిల్‌ని వెంట్రుకవాసి చొప్పున తిప్పాలి. "ఆగు, ఆగు, ఇంకాస్త" అంటూండగానే కాగితం జారి ఆయన చేతిలోకి వచ్చేసేది. పాయింట్లు విడిపడ్డ ఘడియ అదే, స్పార్క్ పడేది అప్పుడే. నేను ఒక్క పిసరు ఎక్కువ తిప్పానో, మళ్లీ మొదట్నుంచీ. వెనక్కి తిప్పి సరిపెట్టనిచ్చేవాడు కాదు, గేర్లలో లూజు లెక్క తప్పిస్తుందని. తర్వాత బండి ఎత్తు ఎక్కించి, చెవితో విని, డిస్ట్రిబ్యూటర్ బాడీని కొంచెం అటో ఇటో జరిపి బిగించేసేవాడు. ఆ కాగితానికి అంటిన నూనె వాసన ఇప్పటికీ తెలుస్తుంది.

దాంతో అనిపించింది, బావా కాదు, మాన్యువలూ కాదు, నాన్న పద్ధతే సరైనదని. ఇంజిన్ ఏం అడిగితే అది ఇవ్వడం. ఈ టపా సగం ఆ ఊపులోనే రాశాను కూడా.

కానీ లేదు. నాన్న బండిలో ఫ్యాక్టరీ క్యామే ఉండేది. వేగం పెరిగేకొద్దీ స్పార్క్‌ని ఇంకా ముందుకి జరిపే డిస్ట్రిబ్యూటర్ లోపలి బరువులూ స్ప్రింగులూ ఆ క్యామ్‌కి తగ్గట్టే ఉండేవి. ఆయన వెతికింది మొదలుపెట్టే చోటు మాత్రమే, మిగతా దారి ముందే వేసి ఉంది. నాకు ఆ దారే తప్పు. ఓవర్‌ల్యాప్ (రెండు వాల్వులూ ఒకేసారి తెరిచి ఉండే సమయం) ఎక్కువైతే ఐడిల్‌లో కాలిన వాయువు సిలిండర్‌లో మిగిలిపోతుంది, మిశ్రమం నిదానంగా కాలుతుంది, కాబట్టి స్పార్క్ ముందే పడాలి. పై ఆర్‌పీఎంలో, సిలిండర్ బాగా నిండినప్పుడు, ఆ అదనం అక్కర్లేదు.

డిస్ట్రిబ్యూటర్ లోపల పలక మీద 14 అని కొట్టి ఉంది, ఆ బరువులు స్పార్క్‌ని మహా అయితే జరిపేది అంత. అది క్రాంక్‌లో సగం వేగంతో తిరుగుతుంది కనుక క్రాంక్ దగ్గర 28. పాత లెక్కలో 6, 28 కలిపి 34. నేను మొదలు 14 చేస్తే మొత్తం 42, నాకింగ్ రాక ఏమొస్తుంది? పలకని 10కి కుదిస్తే క్రాంక్ దగ్గర 20, మొత్తం మళ్లీ 34. ఆ బరువుల కదలికని ఆపే పిన్నుకి చిన్న ఇత్తడి తొడుగు వేస్తే సరిపోతుంది. స్ప్రింగుల సంగతి తర్వాత, స్పార్క్‌ని విడిగా ముందుకి జరిపే వాక్యూమ్ గొట్టం అప్పటిదాకా ఊడదీసి మూసే ఉంచుతాను.

వరస కూడా ముఖ్యమే. ముందు ఆఫ్‌సెట్ కీ (గేర్‌ని క్యామ్ మీద కాస్త పక్కకి జరిపి పట్టే చీల) వేసి క్యామ్‌ని 6 డిగ్రీలు ముందుకి తేవాలి. ఈ ఇంజిన్‌లో డిస్ట్రిబ్యూటర్‌ని తిప్పేది క్యామే, అది కదిలితే ఇగ్నిషన్ కూడా అంతే ముందుకి జరుగుతుంది. పైగా వాల్వు పిస్టన్‌కి తగలకుండా ఖాళీ ఉందో లేదో మళ్లీ చూసుకోవాలి. ఇవేవీ కాకుండా ఇగ్నిషన్ సెట్ చేయడం శుద్ధ దండగ.

ట్యాపెట్ గ్యాప్ మాత్రం ఇంకా తేలలేదు. కార్డు లేదు కనుక, లోబ్ ర్యాంప్ (ఉబ్బు మొదట్లోని మెల్లటి ఏటవాలు) ఎక్కడ మొదలవుతుందో గేజ్‌తో డిగ్రీ డిగ్రీకీ రాసుకుంటూ పోవాలి. ఇంకో ఆదివారం గోవిందా.