కాళ్లు నిలవట్లేదంటే జబ్బు ముదిరిందనుకోకండి

మానసిక జబ్బుకు మాత్రలు మొదలుపెట్టిన ఒకటి రెండు వారాలకు ఇంట్లోవాళ్లు డాక్టరు దగ్గర తరచూ చెప్పే మాట ఇది: "ఒక్కచోట కూర్చోవట్లేదండీ, రాత్రంతా వరండాలో తిరుగుతూనే ఉన్నాడు." అది విని జబ్బు పెరిగిందనుకుని డోసు పెంచితే, తిరుగుడు తగ్గకపోగా ఇంకా ఎక్కువవుతుంది. చాలాసార్లు అక్కడ తిప్పుతున్నది జబ్బు కాదు, మందు. దీని పేరు అకథీజియా. యాంటీసైకోటిక్ మందులతో (భ్రమలు, చెవిలో మాటలు తగ్గించడానికి ఇచ్చేవి) వచ్చే కదలికల ఇబ్బందుల్లో నేను అన్నిటికన్నా ముందు చెప్పేది దీని గురించే. పైకి కనిపించేది కాళ్ల కదలికే అయినా లోపల ఆ యాతన భరించలేక చచ్చిపోవాలనిపించేవాళ్లున్నారు.

జబ్బు తెచ్చే కంగారుకీ దీనికీ తేడా తెలియాలంటే మనిషినే అడగాలి: "ఆ కుదురులేనితనం మనసులోనా, కాళ్లలోనా?" అకథీజియా అయితే "కాళ్లు ఊరుకోనివ్వట్లేదు, నడిస్తే కాస్త నయం" లాంటి జవాబు వస్తుంది. తర్వాత 2 నిమిషాలు కుర్చీలో కూర్చోబెట్టి, ఇంకో 2 నిమిషాలు నిలబెట్టి మామూలుగా మాట్లాడుతూ గమనించండి. కూర్చున్నప్పుడు కాలు మీద కాలు వేయడం, తీయడం, పాదాలు ఆడించడం. నిలబడితే బరువు ఈ కాలి మీంచి ఆ కాలికి, ఆ కాలి మీంచి ఈ కాలికి మార్చడం, నిలుచున్నచోటే అడుగులు వేయడం కనిపిస్తాయి. మూడోది తేదీ. కొత్త మందు మొదలుపెట్టిన రోజు, డోసు పెంచిన రోజు కేలెండర్లో రాసి ఉంటే, ఆ తర్వాత ఎన్నో రోజున ఇది మొదలైందో చూపించవచ్చు. డాక్టరుకు మీరివ్వగలిగిన సాక్ష్యాల్లో అంత బలమైనది ఇంకోటి లేదు. కొత్త తరం మందు కదా అని ధీమా వద్దు, అరిపిప్రజోల్‌తోనూ అకథీజియా బాగానే వస్తుంది.

దీనికి మొదటి పని డోసు తగ్గించడం, లేదా మందు మార్చడం. ఆపైన సాధారణంగా ప్రొప్రనొలాల్ 10 మి.గ్రా. రోజుకు రెండు మూడుసార్లతో మొదలుపెడతారు. ఉబ్బసం ఉన్నవాళ్లకు అది పనికిరాదు, నాడి నెమ్మదిగా కొట్టుకునేవాళ్లకూ ప్రమాదమే. అందుకని ఆ సంగతి అడగకపోయినా మీరే చెప్పండి. చీటీల్లో టీహెచ్‌పీ అని రాసే ట్రైహెక్సిఫెనిడిల్ 2 మి.గ్రా. మాత్ర (పాసిటేన్ అంటే ఎక్కువమందికి తెలుస్తుంది) అకథీజియాకు పెద్దగా పనిచేయదు. "పాసిటేన్ వేస్తున్నాం కదా, ఇంకా ఎందుకు తగ్గలేదు" అనే ప్రశ్నకు జవాబు ఇదే.

ఇదంతా ఎందుకొస్తుందంటే, ఈ మందులు మెదడులో డోపమిన్ అనే, సందేశాలు మోసే రసాయనాన్ని అందుకునే డీ2 రిసెప్టార్లను (కణాల మీది గ్రాహకాలను) మూసేస్తాయి. సుమారు 65 శాతం మూసుకుంటే భ్రమలు, చెవిలో మాటలు తగ్గడం మొదలవుతుంది. 80 శాతం దగ్గరికి వెళ్లేసరికి కదలికలను నడిపే భాగం కూడా దెబ్బతిని ఒళ్లు బిగుసుకుంటుంది. ఈ రెంటి మధ్య సందు చాలా ఇరుకు. అందుకే ఒక హద్దు దాటాక డోసు పెంచితే గుణం పెరగదు, బిగువే పెరుగుతుంది. హాలోపెరిడాల్, ఫ్లూఫెనజిన్‌లతో ఈ బెడద ఎక్కువ, డోసు పెరిగేకొద్దీ రిస్పెరిడోన్‌తోనూ అంతే. క్లోజపిన్, క్వెటియపిన్‌లతో బాగా తక్కువ.

మొదటి 4-5 రోజుల్లో, ముఖ్యంగా కుర్రాళ్లలో, మెడ ఒక పక్కకు మెలితిరిగిపోవడం, దవడ పట్టేయడం, నాలుక మడతపడటం, కనుగుడ్లు పైకి వెళ్లి దిగకపోవడం జరగొచ్చు. ఇది డిస్టోనియా. దెయ్యం పట్టిందనో, నటిస్తున్నాడనో అనుకుని గంటలు పోగొట్టకండి. ఆసుపత్రిలో ప్రొమెథజిన్ ఇంజెక్షన్ ఇస్తే మామూలుగా అరగంటలో సర్దుకుంటుంది. కానీ ఆ ఇంజెక్షన్ ప్రభావం కొన్ని గంటలే, హాలోపెరిడాల్ ఒంట్లో అంతకన్నా ఎక్కువసేపు ఉంటుంది. మెడ నిలబడింది కదా అని ఇంటికి వచ్చేస్తే రాత్రికి మళ్లీ మెలిపడొచ్చు. కాబట్టి తర్వాత కొన్నాళ్లు వేసుకోవాల్సిన మాత్రలు రాయించుకునే కదలండి. గొంతు బిగిసి ఊపిరి ఆడకపోయినా, జ్వరంతో ఒళ్లు కర్రలా బిగిసి మనిషి పొంతనలేని మాటలాడుతున్నా వెంటనే 108కి ఫోన్ చేయాలి.

వారాలు గడిచాక వచ్చే పార్కిన్సనిజాన్ని (పార్కిన్సన్స్ జబ్బు లాంటి లక్షణాలను) బద్ధకంగానో, దిగులుగానో పొరబడతారు. ముఖంలో కదలిక లేకపోవడం, చొంగ కారడం, నడిచేటప్పుడు చేతులు ఊగకపోవడం చూడండి. దీనికి టీహెచ్‌పీ పనిచేస్తుంది, అయితే మలబద్ధకం, మూత్రం ఆగిపోవడం, పెద్దవాళ్లలో మతిమరుపు తెస్తుంది. ఒకసారి రాసిన మాత్రను ఏళ్లతరబడి సాగదీయడం సరికాదు. ఆపాలన్నా ఒక్కసారిగా కాదు, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

నెలలు, ఏళ్లు గడిచాక నాలుక, పెదవులు వాటంతటవే కదలడం టార్డివ్ డిస్కినీసియా. చాలామందికి అది తమకుందనే తెలియదు, ఎదుటివాళ్లే చూడాలి. ఆరు నెలలకోసారి ఇంట్లోనే ఇలా చేయండి. నోట్లో వక్కపొడి లాంటిదేమైనా ఉంటే ఉమ్మేయించి, చెప్పులు తీయించి, చేతులు ఆనించే వీల్లేని గట్టి కుర్చీలో కూర్చోబెట్టండి. నోరు తెరిపించి, నాలుక బయటపెట్టించకుండా లోపల ఎలా ఉందో చూడండి. పురుగు మెలికలు తిరిగినట్టు కదులుతోందా? రెండుసార్లు చూశాక నాలుక చాపమనండి. తర్వాత బొటనవేలితో మిగతా వేళ్లను ఒక్కొక్కటిగా 10-15 సెకన్లపాటు వేగంగా తాకమనండి, ముందు కుడిచేత్తో, తర్వాత ఎడమచేత్తో. అప్పుడు మీ చూపు వేళ్ల మీద కాదు, ముఖం మీద, పాదాల మీద ఉండాలి. దాగి ఉన్న కదలిక అప్పుడే బయటపడుతుంది. ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి. కట్టుడుపళ్లు వదులైనా నోరు నములుతున్నట్టు కదులుతుంది, అదీ చూసుకోండి.

ఇక్కడ టీహెచ్‌పీ వేస్తే మేలు జరగకపోగా కదలికలు పెరుగుతాయి. అసలు మందు డోసు పెంచితే కొన్నాళ్లు అణిగినట్టు కనిపించి మోసం చేస్తుంది. భయపడి మందు మొత్తం ఒక్కసారిగా మానేస్తే కదలికలు ఇంకా ఎక్కువ కావచ్చు, జబ్బూ తిరగబెట్టవచ్చు. ఈ కదలికలు తగ్గడానికి టెట్రాబెనజిన్ వాడతారు కానీ దానితో దిగులు ముంచుకురావచ్చు కాబట్టి మనిషిని కనిపెట్టుకుని ఉండాలి. అమెరికాలో 2017లో దీనికోసమే వాల్బెనజిన్, డ్యూటెట్రాబెనజిన్ మందులకు అనుమతి వచ్చింది.

మానసిక జబ్బు లేని ఇళ్లలోనూ చూడాల్సినది ఒకటుంది. గ్యాస్ కోసం పరగడుపున వేసుకునే కొన్ని క్యాప్సూళ్లలో రాబిప్రజోల్‌తో పాటు లీవోసల్పిరైడ్ 75 మి.గ్రా. ఉంటుంది. అదీ డోపమిన్‌ను అడ్డుకునే మందే. వాంతులకు వాడే మెటోక్లోప్రమైడ్ కూడా అంతే. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుని ఏళ్లతరబడి మింగుతున్న పెద్దవాళ్లకు చేతులు వణికినా, గడ్డం అదిరినా పార్కిన్సన్స్ జబ్బని ఖాయం చేసుకునేముందు ఆ అట్ట వెనక్కి తిప్పి పేర్లు చదవండి. ఆ అట్టను అలాగే తీసుకెళ్లి డాక్టరు ముందు పెట్టండి.