కితాక్యూషూ ముద్రల పుస్తకం: ఐదు ఊళ్లలో మూడు పూర్తి

జపాన్‌లోని కితాక్యూషూ నగరంలో రబ్బరు ముద్రలు వేసుకుంటూ నింపుతున్న పుస్తకం ప్రస్తుత పరిస్థితి: మోజి, కొకురా, యహతా పుటలు నిండాయి. తొబాతా, వకమాత్సుల కోసం ఉంచిన పుటల్లో సగం ఇంకా ఖాళీ.

ఒకే నగరానికి ఐదు భాగాలు ఎందుకంటే, కితాక్యూషూ నిజానికి ఐదు ఊళ్ల కూడిక. మోజి, కొకురా, తొబాతా, యహతా, వకమాత్సు అనే ఐదు నగరాలు 1963 ఫిబ్రవరి 10న ఒకటయ్యాయి. అందుకే ఇక్కడ ‘ఊరి నడిబొడ్డు’ అని ఒక చోటు చూపించలేం. ఫుకువోకా నగరపు హకాతా స్టేషన్ నుంచి షింకన్‌సెన్ (బుల్లెట్ రైలు)లో పావుగంట దూరమే అయినా, దిగి ఒక కోట చూసి ‘ఇంతేనా’ అనుకుని రైలెక్కేసేవాళ్లే ఎక్కువ. ముద్రల పుస్తకం చేతిలో ఉంటే ఐదు ఊళ్లూ తిరగక తప్పదు.

ఈ సరదా తెలియనివాళ్లకు రెండు ముక్కలు. జపాన్‌లో రైల్వే స్టేషన్లు, కోటలు, మ్యూజియాల్లో చాలాచోట్ల బల్ల మీద ఒక రబ్బరు ముద్ర, పక్కన ఇంకు ప్యాడు ఉంటాయి. వేసుకోవడానికి డబ్బులక్కర్లేదు. బల్ల కనిపించకపోతే టికెట్ గేటు దగ్గర ‘స్తాంపు వా అరిమస్ కా’ అని అడిగితే లోపలినుంచి తెచ్చిస్తారు, లేదా లేదని చెబుతారు.

కాగితం, ఇంకు

స్టేషన్ ముద్రలు సాధారణంగా 6 నుంచి 8 సెంటీమీటర్ల వెడల్పుంటాయి. ఏ6 సైజు పుస్తకంలో పుటకు ఒకటి సరిగ్గా పడుతుంది, కింద తేదీ రాసుకోవడానికి చోటు మిగులుతుంది. మామూలు 70–80 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు గ్రాములు) నోటుపుస్తకం వద్దు, ఇంకు వెనక్కి దిగుతుంది. 100 జీఎస్‌ఎం దాటిన, గీతల్లేని, నునుపు తక్కువున్న కాగితం కావాలి. నిగనిగలాడే కాగితం మీద ఇంకు ఆరదు.

పాడయ్యే ముద్రల్లో ఎక్కువ భాగం మూడు తప్పులవల్లే. మొదటిది తలకిందులుగా వేయడం. పిడి మీద పైభాగం తెలిపే గుర్తు ఉంటుంది, అది చూడకుండా కొట్టకూడదు. రెండోది ముద్రను ఊపడం. అంచులు సరిగ్గా పడాలని అటూ ఇటూ ఊపితే గీతలు జంటగా పడతాయి. నిట్టనిలువుగా దించి, నడుమ ఒకసారి, నాలుగు మూలల్లో ఒక్కోసారి నొక్కి, నిలువుగానే ఎత్తాలి. మూడోది కింద మెత్త లేకపోవడం. స్టేషన్ బల్లలు గట్టివి, కొన్ని ఎగుడుదిగుడుగానూ ఉంటాయి. పుట కింద 2 మిల్లీమీటర్ల ఫోమ్ షీటు ముక్క పెడితే మధ్యలో తెల్లటి ఖాళీలు రావు. పుస్తకంలో వేసేముందు చిత్తుకాగితం మీద ఒకటి వేసి చూడటం తప్పనిసరి. ముందొచ్చినవాళ్లు ప్యాడును ఎండగట్టి ఉండొచ్చు, లేదా ఇంకు వరద పారించి ఉండొచ్చు. వేశాక బ్లాటింగ్ పేపరు ముక్క పెట్టి మూయాలి. జూన్, జులై వానాకాలంలో నిమిషం పైనే ఆరనివ్వాలి.

ఇంకొక హెచ్చరిక. గుళ్లలో చేత్తో రాసిచ్చే ‘గోషుయిన్’ వేరు, ఈ ముద్రలు వేరు. గోషుయిన్‌కు సాధారణంగా 300 నుంచి 500 యెన్‌లు తీసుకుంటారు, దానికి విడిగా పుస్తకం ఉండాలి. రైలు బొమ్మలున్న పుస్తకం చాపితే రాసివ్వబోమనే గుళ్లు చాలా ఉన్నాయి. వాళ్లది న్యాయమే.

మోజి: పూర్తి

ముందుగా స్టేషన్ పేరు దగ్గరే పొరపాటు జరుగుతుంది. వెళ్లాల్సింది ‘మోజికో’కు, ‘మోజి’కి కాదు. కొకురా నుంచి జలసంధి అవతలున్న షిమొనొసెకి వెళ్లే రైళ్లు మోజి దగ్గర సముద్రం కిందికి తిరిగిపోతాయి. మోజికో ఆ తర్వాత రెండో స్టేషన్, లైను చివర. రైలు నుదుట మోజికో అని ఉందో లేదో చూసే ఎక్కాలి. పావుగంట లోపు ప్రయాణం.

మోజికో స్టేషన్ 1914లో కట్టిన చెక్క భవనం. 1988లో దేశపు ముఖ్య సాంస్కృతిక సంపదగా గుర్తింపు పొందింది. కొన్నేళ్ల మరమ్మతు తర్వాత 2019 మార్చిలో పాత రూపంతో మళ్లీ తెరిచారు. స్టేషన్ ముద్ర ఇక్కడ వేసుకుని, నేరుగా రేవు వైపు కాకుండా సొరంగానికి వెళ్లడం మంచిది. పొద్దున జనం తక్కువ.

కన్మోన్ కాలినడక సొరంగం ఈ పుస్తకంలో అన్నిటికన్నా విలువైన పుట. 1958లో తెరిచారు. పొడవు 780 మీటర్లు, పైన మోటారు వాహనాల దారి, కింద మనుషుల దారి. లిఫ్టులో సుమారు 60 మీటర్లు దిగి, జలసంధి కిందనుంచి క్యూషూ దీవి వదిలి హోన్షూ దీవికి నడిచిపోవచ్చు. నడిచేవాళ్లకు ఉచితం. సైకిల్‌కు 20 యెన్‌లు, అదీ తోసుకుంటూనే. పొద్దున 6 నుంచి రాత్రి 10 వరకు తెరిచి ఉంటుంది. సగం దూరం పల్లం, సగం ఎగువ. నడుమ నేల మీద ఫుకువోకా, యమాగుచి జిల్లాల సరిహద్దు గీత ఉంటుంది. స్థానికులు దీన్ని వ్యాయామానికి వాడతారు కాబట్టి, గీత దగ్గర ఫొటో కోసం అడ్డంగా నిలబడితే వెనకనుంచి పరుగెత్తేవాళ్లు వచ్చి తగులుతారు.

రెండు చివర్లా చెరో ముద్ర ఉంటుంది. ఒక్కోటి సగం బొమ్మే, రెండూ కలిస్తేనే పూర్తవుతుంది. రెండు సగాలూ ఉన్న కాగితాన్ని పర్యాటక సమాచార కేంద్రంలో చూపితే ‘దాటేశాం’ అనే జ్ఞాపికపత్రం ఇస్తారు. ఇక్కడ చేసే తప్పు ఒకటే: మొదటి సగాన్ని పుట నడిమధ్యన కొట్టేయడం. రెండో సగానికి చోటుండదు. ముందు చిత్తుకాగితం మీద వేసి అది ఎడమ సగమో కుడి సగమో చూసుకోవాలి, పుట మధ్యలో పెన్సిల్‌తో సన్నగా గీత గీసి దానికి ఆనించి వేయాలి. ఏ6 పుట చాలకపోతే ఎదురెదురు పుటల్లో చెరోటి వేస్తే సరి.

అవతల తేలేది దన్నోఉరా ఒడ్డున. 1185లో తైరా అనే సమురాయ్ వంశం మునిగిపోయిన నౌకాయుద్ధం ఈ నీళ్లలోనే జరిగింది. హినోయామా కొండ కింద జలసంధి ప్రవాహాన్ని చూపే ఒక ఎలక్ట్రానిక్ బోర్డు ఉంటుంది. ‘E’ అంటే ప్రవాహం తూర్పుకు, ‘W’ అంటే పడమటికి. అంకె అంటే వేగం, గంటకు ఇన్ని నాటికల్ మైళ్లని. బాణం పైకుంటే వేగం పెరుగుతోంది, కిందికుంటే తగ్గుతోంది. ప్రవాహం రోజుకు నాలుగుసార్లు దిశ మారుతుంది. పెద్ద ఓడ ఎదురీదుతూ నత్తలా కదలడం చూడాలంటే బోర్డు మీద అంకె పెద్దదిగా ఉన్నప్పుడు గట్టున కూర్చోవాలి.

అక్కడినుంచి కరాతో చేపల బజారు సుమారు 25 నిమిషాల నడక. శుక్ర, శని, ఆదివారాల్లో ముక్క లెక్కన సుషీ అమ్ముతారు. మధ్యాహ్నమయ్యేసరికి మంచివన్నీ ఖాళీ. తిరుగు ప్రయాణానికి సొరంగం వద్దు, పక్కనే ఉన్న రేవునుంచి పడవలో 5 నిమిషాల్లో మోజికో చేరొచ్చు. కిందనుంచి వెళ్లి పైనుంచి రావడం ఈ వరసకున్న అందం.

బ్లూ వింగ్ అనే 108 మీటర్ల నడక వంతెన పడవల కోసం రోజుకు ఆరుసార్లు పైకి లేస్తుంది: 10, 11 గంటలకు, తర్వాత 1, 2, 3, 4 గంటలకు. పన్నెండుకు లేవదు, ఆ వేళ వచ్చి ఎదురుచూసేవాళ్లు రోజూ కనిపిస్తారు. ఐన్‌స్టైన్ 1922లో బస చేసిన మిత్సుయి క్లబ్ భవనం, 1891 నాటి రైల్వే ప్రధాన కార్యాలయంలో నడుస్తున్న క్యూషూ రైల్వే మ్యూజియం దగ్గరదగ్గరే ఉన్నాయి. పిల్లలుంటే రైల్వే మ్యూజియానికి రెండు గంటలు పక్కన పెట్టాలి.

కొకురా: పూర్తి

కోట ముద్ర సులువు. ఐదో అంతస్తు నాలుగో అంతస్తుకన్నా ముందుకు పొడుచుకొచ్చి ఉండటం ఈ బురుజు ప్రత్యేకత. ఇప్పుడున్నది 1959 నాటి కాంక్రీటు కట్టడం, అసలుది 1837లో కాలిపోయింది. అసలు బురుజుకు లేని అలంకారపు ముక్కోణాలు కొత్తదానికి తగిలించారని చరిత్ర తెలిసినవాళ్లు విసుక్కుంటారు. పునాది రాళ్లు మాత్రం అసలైనవి, ఫొటో వాటికే తీయాలి.

తంగా బజారు ఆదివారం చాలావరకు మూసి ఉంటుంది. 2022లో ఇక్కడ రెండుసార్లు అగ్నిప్రమాదం జరిగింది. పాత గైడుపుస్తకాల్లోని దుకాణాలన్నీ ఉంటాయనుకుని వెళ్లకూడదు. ఇక్కడి వంట ‘నుకదకి’: తవుడు ఊరగాయ ముద్దలో ఉడికించిన మత్తిచేప. వేపుడు ఉడోన్ (లావుపాటి గోధుమ నూడుల్స్) కూడా కొకురాలోనే పుట్టిందంటారు. మన శాకాహారులకు మాత్రం కష్టమే. కూరగాయల ఉడోన్ అన్నా పులుసు ఎండుచేపతో కాస్తారు, పైన చేప పొరలు చల్లుతారు. ‘కత్సువోబుషి నుకి’ అంటే పైన చల్లడం ఆపుతారు గానీ పులుసు మారదు.

టికెట్ సంగతి ఒకటి. జేఆర్ (జపాన్ రైల్వే) క్యూషూ పాసు హకాతా–కొకురా షింకన్‌సెన్‌లో చెల్లదు, ఆ లైను పడమటి జేఆర్ కంపెనీది. ఆ పాసున్నవాళ్లు సోనిక్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాలి.

యహతా: పూర్తి, కానీ ఒక ముద్ర మసక

దిగాల్సిన స్టేషన్ పేరు స్పేస్ వరల్డ్. ఆ పేరున్న వినోదపార్కు 2017 చివర మూతపడింది, స్టేషన్ పేరు మాత్రం మారలేదు. ఈ ముద్ర సంపాదించేవాళ్లకు ఆ పేరే సరదా. పక్కనే హిగాషిదా బ్లాస్ట్ ఫర్నేసు. మీద పెద్దగా 1901 అని ఉంటుంది. అది ఇక్కడి ఉక్కు కర్మాగారం మొదలైన సంవత్సరం, ఆ ఫర్నేసు వయసు కాదు. ఇప్పుడు నిలబడి ఉన్నది 1962లో కట్టినది. విశాఖ ఉక్కు చూసినవాళ్లు కూడా ఇక్కడ ఆగుతారు, ఎందుకంటే ఫర్నేసు పక్కదాకా నడిచి వెళ్లొచ్చు. ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన పాత ప్రధాన కార్యాలయం మాత్రం నడుస్తున్న కర్మాగారం లోపల ఉంది, దూరంనుంచే చూడాలి.

సాయంత్రం సరకురా కొండకు, ఎత్తు 622 మీటర్లు. కేబుల్ కారు వారపు సెలవు, ఆఖరి దిగువ బండి వేళ రెండూ ముందే చూసుకోవాలి. పైన గాలికి పుటలు రెపరెపలాడి తడి ఇంకు ఎదుటి పుటకు అంటుకుంటుంది. మసకబారిన ముద్ర అలా వచ్చిందే. ముద్ర లోపలే వేసి, ఆరాకే బయటికి రావాలి.

తొబాతా, వకమాత్సు: సగం

రెంటినీ 1962లో కట్టిన ఎర్రటి వకాతో వంతెన కలుపుతుంది, కింద మూడు నిమిషాల పడవ ఉంది. పడవకు చిల్లర ఉంచుకోవాలి. వకమాత్సు రేవున బొగ్గు వ్యాపార కాలపు భవనాలు వరసగా ఉన్నాయి, గంట చాలు. తొబాతా పుట జులై కోసం ఆపాం: గియోన్ పండగలో 12 అంతస్తులుగా 309 లాంతర్లు కట్టిన పల్లకీలాంటి చట్రాన్ని భుజాల మీద మోస్తారు. పగలు అదే చట్రం జెండాలతో ఉంటుంది, చీకటి పడ్డాక లాంతర్లకు మారుస్తారు. ఆ మార్పిడి చూడాలంటే సాయంత్రానికే చేరాలి.

చివరగా, కొకురా వైపున్న హిరావోదై సున్నపురాయి మైదానం దగ్గరి సెన్‌బుత్సు గుహకు మాత్రం పుస్తకం తీసుకెళ్లొద్దు. బొర్రా గుహల్లా మెట్ల మీద నడిచి చూసేది కాదిది. 480 మీటర్ల తర్వాత దారే ఏరు, నీళ్లలోనే నడవాలి. నీళ్లు ఏడాదంతా 14 డిగ్రీలు. 900 మీటర్ల దాకా వెళ్లనిస్తారు. చెప్పులు అక్కడ ఇస్తారు, మోకాళ్ల పైకి ఉండే నిక్కరు, తువ్వాలు మనమే తెచ్చుకోవాలి. చీర, జీన్స్ అయితే 480 దగ్గరే వెనక్కి తిరగాలి.