ప్రైమర్‌కి ఒక రాత్రి ఇవ్వండి: రంగుకి ముందు పేపర్ పట్టే పద్ధతి

రంగు వేయించిన కారు షెడ్డు నుంచి బయటికి వచ్చిన రోజు నిగనిగలాడుతుంది. నెల రోజులు ఎండలో తిరిగాక డోరుని ఏటవాలుగా చూడండి. సన్నటి గీతలు తేలతాయి, సొట్ట తీసిన చోట లప్పం అంచు వలయంలా కనిపిస్తుంది. రంగు నాసిరకం అనుకుంటారు కానీ తప్పు రంగుది కాదు. లోపల ఇంకా థిన్నర్ ఉండగానే ప్రైమర్ (రంగు కింద వేసే పూత) మీద పేపర్ పట్టేసి, అంటే గరుకు కాగితంతో రుద్దేసి, రంగు కొట్టారు. ఆ థిన్నర్ మెల్లగా పోయేకొద్దీ ప్రైమర్ కుంగి, అడుగున 80 నంబరు పేపర్ (నంబరు తగ్గేకొద్దీ పేపర్ ముతక) చేసిన గాట్లలోకి దిగుతుంది. పైనున్న రంగు, దాని మీది మెరుపు పూత క్లియర్ కూడా దాంతోపాటే దిగుతాయి.

కాబట్టి ఆ గాట్లని ముందే చంపాలి. లప్పాన్ని 80తో ఆకారానికి తెచ్చి, 180తో నున్నగా చేసి, చుట్టూ ఉన్న పాత రంగు అంచుని 240, 320తో ఏటవాలుగా తియ్యాలి. కళ్ళు మూసుకుని వేళ్ళతో తడిమితే ఎక్కడా మెట్టు తగలకూడదు. 80 నుంచి నేరుగా 320కి దూకితే లోతు గాట్లు అలాగే ఉండిపోతాయి, పైన నున్నగా అనిపించి మోసం చేస్తాయి. లప్పం మీద మాత్రం నీళ్ళు వాడొద్దు. అందులో ఉండే పొడి తేమ పీల్చుకుంటుంది, తర్వాత అదే బొబ్బలై లేస్తుంది. రేకు బయటపడిన చోట తుప్పు ఆపే ఎపాక్సీ ప్రైమర్ అదే రోజు పడాలి. బెజవాడ వానాకాలపు ఉక్కలో రాత్రంతా వదిలేసిన రేకు తెల్లారేసరికి ఎర్రబారుతుంది.

ఇంకొకటి, పేపర్ పట్టకముందే ప్యానెల్‌ని సబ్బునీళ్ళతో కడిగి, గ్రీజు తీసే ద్రావకంతో తుడవాలి. ఒక గుడ్డతో పుయ్యడం, అది ఆరేలోపే రెండో పొడి గుడ్డతో ఎత్తడం. టైర్ పాలిష్, డ్యాష్‌బోర్డ్ పాలిష్‌లలో ఉండే సిలికాన్ మిగిలితే పేపర్ దాన్ని గాట్లలోకి తోస్తుంది. రంగు కొట్టగానే చేపకళ్ళలాంటి గుంటలు పడతాయి.

టూకే ప్రైమర్ (హార్డెనర్, అంటే గట్టిపరిచే ద్రవం, కలిపి వాడేది) చాలావాటికి లెక్క 4 పాళ్ళ ప్రైమర్‌కి 1 పాలు హార్డెనర్, పైన 10 నుంచి 20 శాతం థిన్నర్. అయినా మీ డబ్బా మీద ఉన్నదే ప్రమాణం. గీతలున్న కప్పులో కొలవండి, కంటి అంచనా వద్దు. హార్డెనర్ తగ్గితే ప్రైమర్ ఎన్ని రోజులైనా మెత్తగానే ఉంటుంది. రెండు మూడు కోట్లు చాలు, కోటుకీ కోటుకీ మధ్య తడి మెరుపు పోయేదాకా, అంటే 5 నుంచి 10 నిమిషాలు ఆగాలి. రోహిణీ కార్తెలో ఎండన నిలబెట్టిన బానెట్ చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. దాని మీద కొడితే పైపొర ముందే గట్టిపడి, థిన్నర్ లోపలే చిక్కుకుని సూదిరంధ్రాలు వస్తాయి. ఆ రోజుల్లో పొద్దున్నే, నీడలో, మెల్లగా ఆరే స్లో థిన్నర్‌తో కొట్టాలి. హార్డెనర్‌లో ఊపిరితిత్తులకి హాని చేసే ఐసోసయనేట్ ఉంటుంది. కర్చీఫ్ దాన్ని ఆపదు, కార్ట్రిడ్జ్ మాస్క్ ఉండాల్సిందే.

డబ్బా మీద 3, 4 గంటల్లో ఆరుతుందని ఉన్నా, అది పలచటి కోట్లకి చెప్పిన లెక్క. పెయింట్ బూత్ (రంగు కొట్టడానికి మూసి ఉంచిన గది) లేని రేకుల షెడ్డులో మందంగా మూడు కోట్లు వేస్తే రాత్రంతా వదలండి. ఆరిందో లేదో పేపరే చెబుతుంది: ఆరిన ప్రైమర్ పొడిగా, పిండిలా రాలుతుంది. ఆరనిది పేపర్‌కి ఉండలుగా అంటుకుంటుంది. ఉండ కనిపిస్తే ఆ పూటకి పని ఆపేయండి.

ఇప్పుడు గైడ్ కోట్, అంటే ఎత్తుపల్లాలు చూపించే పలచటి నల్ల పూత. నల్ల స్ప్రే డబ్బాతో అడుగున్నర దూరం నుంచి పొగమంచులా, మచ్చలు మచ్చలుగా చల్లాలి. పూర్తిగా కప్పకూడదు. పావుగంట నానిన 600 వాటర్ పేపర్‌ని రబ్బరు బ్లాక్‌కి చుట్టి, బకెట్ నీళ్ళలో రెండు చుక్కల సబ్బు వేసి, ఐమూలగా ఒకసారి, దానికి అడ్డంగా ఇంకోసారి రుద్దాలి. ఉత్త చేత్తో రుద్దితే వేళ్ళ కింద కాలువలు పడతాయి. మొదట మిట్టల మీది నలుపు పోతుంది. చుట్టూ లేత బూడిదరంగు పరుచుకున్నాక కూడా మధ్యలో నల్లటి మరకలు నిలిస్తే అవి పల్లాలు. ఆ ఒక్క చోటే గట్టిగా నొక్కి నలుపు చెరిపేద్దామనిపిస్తుంది, అది చెయ్యకూడదు. పల్లం ఇంకా పెద్దదవుతుందే గానీ పోదు. బ్లాక్ ఆడినా నలుపు మిగిలితే మళ్ళీ ప్రైమర్ కోటు కొట్టాల్సిందే.

డోరు గీత, ఫెండర్ అంచు లాంటి చోట్ల ప్రైమర్ పలచగా నిలుస్తుంది. వాటి మీద మాస్కింగ్ టేప్ అంటించి చుట్టూ పని పూర్తిచేసి, చివర్లో టేప్ తీసి చేత్తో నాలుగుసార్లు తేలిగ్గా రుద్దండి. అయినా రేకు తేలితే అక్కడ ఎపాక్సీ చుక్క వేసి, పైన ప్రైమర్ కొట్టి, ఆరాక మళ్ళీ పేపర్ పట్టాలి. తేలిన రేకు మీద నేరుగా రంగు కొడితే ముందు అక్కడే లేస్తుంది.

ఆఖరి పేపర్ మామూలు రంగులకి 800, మెటాలిక్‌కి 1000. మెటాలిక్‌లో అల్యూమినియం రేణువులు గాటు వెంబడే పడుకుంటాయి కాబట్టి ముతక పేపర్ గీత ఎండలో స్పష్టంగా తెలిసిపోతుంది.

బూడిదరంగు బురదని ప్యానెల్ మీద ఎండనివ్వకండి. బోరునీళ్ళలో ఉప్పు ఎక్కువ, అది రంగు కింద మిగిలితే తేమని లాగి బొబ్బలు లేపుతుంది. చివరి కడుగుడుకి ఆర్వో నీళ్ళు ఒక బకెట్ పట్టుకోండి. తర్వాత కంప్రెసర్ ట్యాంకులో చేరిన నీళ్ళు వదిలి, డోరు సందుల్లో, అద్దం బీడింగ్ (అంచు రబ్బరు పట్టీ) కింద గాలి కొట్టండి. బీడింగ్ కింద నుంచి ఒక్క చుక్క ఎగిరినా ఇంకో గంట ఆగి, మళ్ళీ గాలి కొట్టి చూశాకే రంగు కలపండి.