అండమాన్ వెళ్తే హేవ్‌లాక్ దగ్గర ఆగిపోకండి

మా శ్రీకాకుళం వైపు అండమాన్ అంటే టూరిస్టు ప్లేస్ కన్నా ముందు చుట్టాలుండే ఊరు. తీరం పల్లెల నుంచి వేటకని వెళ్ళి పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండిపోయిన కుటుంబాలు బోలెడు, అక్కడి జంగ్లీఘాట్‌లో కోనెం చేప ధర తెలుగులో అడిగామంటే "ఏ ఊరు బాబూ మీది" అని తిరిగి అడుగుతారు. 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు గానీ మనోళ్ళ నోట్లో ఇంకా పోర్ట్ బ్లెయిరే.

అంత దగ్గరతనం ఉండి కూడా మనోళ్ళు వెళ్తే సెల్యులార్ జైలు, హేవ్‌లాక్, ఒక స్కూబా ఫొటో, ఇంక రిటర్న్ ఫ్లైటు. హేవ్‌లాక్ దీవిలో రాధానగర్ బీచ్ బాగుంటాది, కాదనను. కానీ అడ్వెంచర్ కావాలంటే ఉత్తరాన డిగ్లీపూర్ దాకా పోవాలి.

డిగ్లీపూర్‌కి బస్సుంది, అండమాన్ ట్రంక్ రోడ్డు మీద. నేను మాత్రం ఓడే ఎక్కాను, మీకూ అదే చెప్తాను. ఎందుకంటే ఆ రోడ్డు జారవాలనే ఆదివాసీల అడవి మధ్యలోంచి పోతాది, ఆ ముక్క మూసెయ్యమని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది, అయినా కాన్వాయ్‌లు కట్టి బళ్ళు పోతూనే ఉన్నాయి, ఆగకూడదు ఫొటో తియ్యకూడదు అని రూల్సున్నా వాళ్ళని చూడ్డానికే కిటికీలకి అతుక్కుని కూర్చునేవాళ్ళు ఉంటారు. 1999లో జారవాలకి తట్టు సోకింది, బయటి జబ్బులకి వాళ్ళ ఒళ్ళు అలవాటుపడి లేదు. తోటి మనుషుల్ని అలా చూసొచ్చి టూర్ అని చెప్పుకోవడం నాకు అస్సలు నచ్చదు.

ఓడ డిగ్లీపూర్ దగ్గరున్న ఏరియల్ బే రేవులో దింపుతాది. అక్కణ్ణుంచి చిన్న బోటులో రాస్, స్మిత్ దీవులు, సముద్రం ఆటులో ఉన్నప్పుడు రెండిటి మధ్యా తెల్లటి ఇసుక దారి తేలుతాది, అటూ ఇటూ నీళ్ళు, మధ్యలో నడిచి దాటడమే! ఆటు ఎప్పుడో బోటువాళ్ళని ముందే అడగండి, పోటులో వెళ్తే ఆ దారి మునిగి ఉంటాది.

శాడిల్ పీక్ ఎక్కడం అసలు పని. 732 మీటర్లు, అండమాన్ దీవుల్లో ఇదే పెద్ద కొండ. లామియా బే దగ్గర ఫారెస్టు గేటు దాటాక చాలాదూరం సముద్రం ఒడ్డునే రాళ్ళ మీద నడక, తర్వాత చిక్కటి అడవిలో నిలువు ఎక్కుడు, గాలి ఆడదు, ఉక్కకి చొక్కా పిండితే నీళ్ళు కారతాయి. తెల్లారగానే బయల్దేరండి, అంత తూర్పున ఉన్నా అక్కడా మన టైమే నడుస్తాది కాబట్టి చలికాలంలో సాయంత్రం అయిదు దాటితే చీకటి పడిపోద్ది.

దగ్గర్లోనే కాళీపూర్ బీచ్. మన బారువ, కళింగపట్నం ఇసకలో గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే తాబేళ్ళు అక్కడికీ వస్తాయి, వాటితోపాటు లెదర్‌బ్యాక్ లాంటి పెద్దవి కూడా. రాత్రిపూట టార్చిలు, ఫ్లాష్‌లు వెయ్యకండి, వెలుగు పడితే గుడ్లు పెట్టకుండా వెనక్కి పోతాయి.

ఇంకోటి, ఉప్పునీటి మొసళ్ళు నిజంగానే ఉన్నాయి, మడ అడవుల పక్కన, వాగులు సముద్రంలో కలిసే చోట స్నానానికి దిగకండి. విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్ ఓడ రోజూ ఉండదు, డేట్లు చూసుకుని ముందే టికెట్ తీసుకోండి, రెండు రాత్రుళ్ళు పైనే సముద్రం మీద ఉంటారు.