రెండు సెంటీమీటర్ల ఎత్తు నుంచి

ఆదివారం. మోడల్ రైళ్ల లేఅవుట్ (బల్ల మీద పట్టాలు, కొండలు, చెట్లతో కట్టిన చిన్న రైలు లోకం) ఫొటోలకి ఎలాంటి కెమెరా కావాలన్న లెక్క ఈ రోజుకి ఒక కొలిక్కి వచ్చింది. స్కేలు, టేపు, కాలిక్యులేటర్ దగ్గర పెట్టుకుని కూర్చుంటే కంపెనీల పేర్ల దాకా వెళ్లకముందే సగం ప్రశ్నలు తేలిపోతాయి. అందుకే ముందు కొలతలు, తర్వాతే మోడళ్లు.

మొదటిది ఎత్తు. నిలబడ్డ మనిషి కళ్లు నేల నుంచి సుమారు 1.6 మీటర్ల ఎత్తులో ఉంటాయి. హెచ్‌ఓ స్కేలులో, అంటే అసలు రైలుని 87 వంతుల్లో ఒక వంతుకి కుదించే 1:87లో, అది 18 మి.మీ. అంతకంటే కాస్త పెద్దదైన ఓఓ స్కేలులో 21, బాగా చిన్నదైన ఎన్ స్కేలులో 10. పట్టాల పక్కన నిలబడి రైలు రాకని చూస్తున్నట్టు ఫొటో రావాలంటే లెన్స్ నడిబొడ్డు ఆ ఎత్తులో ఉండాలి. అంతకంటే బాగా పైనుంచి తీస్తే ఎంత శ్రద్ధగా కట్టిన లేఅవుట్ అయినా బల్ల మీది బొమ్మ అని తెలిసిపోతుంది. ఇంజను పైకప్పు మొత్తం కనబడే కోణంలో అసలు రైలుని మనం చూసేది ఎప్పుడో వంతెన మీద నిలబడ్డప్పుడే కదా.

డీఎస్‌ఎల్‌ఆర్‌ని బల్ల మీద పెట్టి అడుగు నుంచి లెన్స్ మధ్యకి కొలిస్తే నాలుగు, నాలుగున్నర సెం.మీ. వస్తుంది. హెచ్‌ఓలో 4.5 సెం.మీ. అంటే 3.9 మీటర్లు, దాదాపు బోగీ పైకప్పు ఎత్తు. కెమెరా అడుగుని లేఅవుట్ నేలకి ఆనించినా సరే, అంతకంటే కిందకి దిగదు. ఈ కొలత స్పెసిఫికేషన్ల పట్టికలో ఉండదు. కొనేముందు చేతిలోకి తీసుకుని స్కేలు పెట్టి కొలవాల్సిందే. చిన్న కాంపాక్ట్ కెమెరాలు ఈ ఒక్క విషయంలోనే పెద్దవాటిని దాటిపోతాయి. ఫోన్ అయితే ఇంకా మేలు: లెన్స్ పై అంచు దగ్గర ఉంటుంది కాబట్టి ఫోన్‌ని తలకిందులు చేసి నిలబెడితే లెన్స్ నేలకి సెంటీమీటరు, సెంటీమీటరున్నర ఎత్తుకి వచ్చేస్తుంది. ఫొటోని తర్వాత తిప్పుకుంటే సరి.

పెద్ద కెమెరా ఉన్నవాళ్లకి దారి లేకపోలేదు. లేఅవుట్ అంచు బయట ట్రైపాడ్ పెట్టి, కెమెరా బాడీ బల్ల మట్టం కంటే కిందకి దిగేలా, లెన్స్ మాత్రం నేలకి రెండు సెం.మీ. పైన ఉండేలా సర్దుకోవచ్చు. కాకపోతే అప్పుడు అంచు దగ్గరి దృశ్యాలే దొరుకుతాయి, యార్డు మధ్యలోకి వెళ్లలేం. ఇంకొకటి, కిలో బరువున్న బాడీని లెన్స్‌తో సహా ఫోమ్ కొండ మీద పెడితే అక్కడ గుంట పడుతుంది. కింద పలుచటి ప్లైవుడ్ ముక్క వేస్తే బరువు పరుచుకుంటుంది.

రెండో కొలత దగ్గరి దూరం, అంటే లెన్స్ ఎంత దగ్గర దాకా ఫోకస్ చేయగలదన్నది. కెమెరాతో పాటు వచ్చే కిట్ లెన్స్ మీద 0.25 మీ. అని రాసి ఉంటే అది లెన్స్ ముందు గాజు నుంచి కాదు, బాడీ లోపల బొమ్మని పట్టే సెన్సర్ నుంచి. బాడీ పైన చిన్న వృత్తాన్ని గీత కోసినట్టు ఒక గుర్తు ఉంటుంది, సెన్సర్ ఉన్న చోటు అదే. అంటే గాజు ముందు మిగిలేది పది, పదిహేను సెం.మీ. మాత్రమే. లేఅవుట్ దృశ్యాలకి అది చాలు. ఒక్క ఇంజను మీది రివెట్లు, నంబరు ప్లేటు తీయాలంటేనే మాక్రో లెన్స్ (అతి దగ్గరి నుంచి తీసేది) అవసరం. దాన్ని దృశ్యాల కోసం కొనడం దండగ, కోణం మరీ ఇరుకు.

మధ్యాహ్నం నుంచి డెప్త్ లెక్కలు, అంటే ముందు నుంచి వెనక దాకా ఎంత దూరం స్పష్టంగా వస్తుందన్నది. ఈ పనికి ప్రాణం ఇదే. హెచ్‌ఓలో 85 అడుగుల బోగీ 30 సెం.మీ. పొడవుంటుంది. ఇంజను ముక్కు లెన్స్‌కి 30 సెం.మీ. దూరంలో, వెనక బ్యాక్‌డ్రాప్ (కొండలు, ఆకాశం గీసిన తెర) 150 సెం.మీ. దూరంలో ఉందనుకుందాం. అసలు రైలు ఫొటోలో ఇంజనూ దూరపు కొండా రెండూ స్పష్టంగా ఉంటాయి. ఇక్కడా అలాగే రావాలి. ఫోకస్ 50 సెం.మీ. దగ్గర పెడితే 30 నుంచి 150 దాకా మొత్తం స్పష్టంగా ఉండటానికి ఎంత అపర్చర్ (లెన్స్ లోపలి కంత; ఎఫ్ సంఖ్య పెరిగేకొద్దీ కంత చిన్నదవుతుంది) కావాలి? ఒకే కోణం వచ్చేలా, పెద్దదాని నుంచి చిన్నదాని దాకా నాలుగు సైజుల సెన్సర్లకి లెక్క వేస్తే సుమారుగా ఇలా వచ్చింది. ఫుల్ ఫ్రేమ్‌లో 36 మి.మీ. లెన్స్‌కి ఎఫ్/58. ఏపీఎస్-సీలో 24 మి.మీ.కి ఎఫ్/38. మైక్రో ఫోర్ థర్డ్స్‌లో 18 మి.మీ.కి ఎఫ్/29. ఒక అంగుళం సెన్సర్‌లో 13 మి.మీ.కి ఎఫ్/21.

ఇప్పుడు లెన్స్ పొడవుని ఆ ఎఫ్ సంఖ్యతో భాగించి చూడాలి: 36ని 58తో, 24ని 38తో, 18ని 29తో, 13ని 21తో. నాలుగు చోట్లా 0.62, 0.63 మి.మీ. దగ్గరే తేలుతుంది. అంటే అడిగిన డెప్త్‌కి కావలసిన కంత ఒకటే, సెన్సర్ ఏదైనా సరే. అంత చిన్న కంతలోంచి దూరేటప్పుడు వెలుతురు చెదరడం (డిఫ్రాక్షన్) కూడా నాలుగింటిలో ఒకే మోతాదు. ఏపీఎస్-సీ సెన్సర్ మీద ఒక బిందువు పరుచుకునే చుక్క 0.02 మి.మీ.కి మించకూడదని లెక్కలో అనుకున్నాం. ఎఫ్/38 దగ్గర డిఫ్రాక్షన్ చుక్కే 0.05 మి.మీ. అవుతుంది. కాబట్టి అంత మూసినా ముందూ వెనకా సమానంగా మెత్తబడతాయి తప్ప పదును రాదు.

చిన్న సెన్సర్‌కే డెప్త్ ఎక్కువ అని ఒకరు, పెద్ద సెన్సర్‌కే క్వాలిటీ ఎక్కువ అని ఇంకొకరు వాదించుకుంటూనే ఉంటారు. లేఅవుట్ ముందు ఆ వాదన నిలవదు. చిన్న సెన్సర్‌కి అదే డెప్త్ తక్కువ ఎఫ్ సంఖ్యతో, తక్కువ షట్టర్ సమయంతో వస్తుంది, నిజమే. కానీ మన రైలు ఆగి ఉంది. రెండు సెకన్లు తెరిచి ఉంచినా, ఎనిమిది సెకన్లు ఉంచినా నష్టం లేదు. మామూలుగా లెన్స్ ఎంతవరకు మూసుకుంటుందన్నదే తేడా: ఎఫ్/22 దగ్గర ఫుల్ ఫ్రేమ్ 36లో కంత 1.6 మి.మీ., ఏపీఎస్-సీ 24లో 1.1, ఫోర్ థర్డ్స్ 18లో 0.8. ఫోన్ ప్రధాన కెమెరాలో కంత మూడు నాలుగు మి.మీ. ఉంటుంది, చాలా ఫోన్లలో దాన్ని మార్చలేం కూడా. ఎత్తు విషయంలో గెలిచిన ఫోన్ ఇక్కడ ఓడిపోతుంది.

ఒక్క ఫొటోతోనే పని కానివ్వాలంటే ఏపీఎస్-సీ మీద 24 మి.మీ., ఎఫ్/16, ఫోకస్ 60 సెం.మీ. దగ్గర. అప్పుడు 45 నుంచి 90 దాకా స్పష్టంగా వస్తుంది. ఇంజనూ ఒక బోగీ హాయిగా సరిపోతాయి. అదే 30 సెం.మీ. దగ్గర ఫోకస్ పెడితే 26 నుంచి 36 దాకానే, అంటే పది సెం.మీ. మాత్రమే. దగ్గరకి జరిగేకొద్దీ డెప్త్ ఇంత దారుణంగా పడిపోతుంది కాబట్టి, కాస్త వెనక్కి జరిగి తీసి తర్వాత కత్తిరించుకోవడం తెలివైన పని. ఎ4 ప్రింటుకి అంగుళానికి 300 చుక్కల చొప్పున కావలసింది 8.7 మెగాపిక్సెళ్లే. 24 మెగాపిక్సెళ్లలో సగానికి పైగా కోసేసినా మిగిలినదానితో ప్రింటు వస్తుంది. మెగాపిక్సెళ్ల గురించి ఇంతకు మించి ఆలోచించక్కర్లేదు.

ముప్పై నుంచి నూట యాభై దాకా అంతా పదునుగా కావాలంటే మిగిలింది ఫోకస్ స్టాకింగే. ఎఫ్/8 దగ్గర, డిఫ్రాక్షన్ బాధ లేనిచోట, ఫోకస్‌ని ముందు నుంచి వెనక్కి జరుపుతూ వరుసగా ఫొటోలు తీసి, ఒక్కోదాంట్లో స్పష్టంగా ఉన్న భాగాన్ని కంప్యూటర్‌లో కలపడం. పై దృశ్యానికి ఏపీఎస్-సీ 24 మి.మీ. మీద లెక్కప్రకారం ఐదు ఫొటోలు చాలు. ఒకదాని మీద ఒకటి సగం పడేలా తీస్తే పది, పన్నెండు. ఆ ఐదింటిలో మొదటి ముక్క 30 నుంచి 36 సెం.మీ. వరకే, చివరిది 82 నుంచి 150 వరకు. అంటే దగ్గర చిన్న అడుగులు, దూరం పోయేకొద్దీ పెద్ద అడుగులు. పది సెం.మీ.కి ఒకటి చొప్పున సమానంగా జరుపుకుంటూ పోతే ఇంజను ముక్కు మీద మసక పట్టీ ఒకటి మిగిలిపోతుంది, వెనక కొండకి మాత్రం అవసరం లేని ఫొటోలు పోగవుతాయి.

రింగుని చేత్తో తిప్పుతూ తీయవచ్చు కానీ ముట్టుకున్న ప్రతిసారీ కెమెరా వెంట్రుకవాసి కదులుతుంది. పైగా నేలకి రెండు సెం.మీ. ఎత్తులో, చెట్ల మధ్య చెయ్యి దూరదు. అందుకే ఫోకస్ బ్రాకెటింగ్ (ఫోకస్‌ని తనే జరుపుతూ వరుస ఫొటోలు తీయడం) కెమెరాలోనే ఉండటం ఈ పనికి అన్నిటికంటే విలువైన సౌకర్యం. నికాన్ డీ850 (2017)లో దీన్ని ఫోకస్ షిఫ్ట్ అంటారు. ఫొటోలు తీసిపెడుతుంది, కలుపుకోవడం మన పని. కానన్ ఈఓఎస్ ఆర్‌పీ (2019)లో ఉంది. ఒలింపస్ టీజీ-4 (2015) అయితే తీసి తనే కలిపేస్తుంది, బాడీ కూడా అరచేతిలో ఇమిడేంత. పాత కానన్, నికాన్ డీఎస్‌ఎల్‌ఆర్‌లకి హెలికాన్ రిమోట్ లాంటి ప్రోగ్రామ్ కేబుల్ ద్వారా ఫోకస్‌ని కంప్యూటర్ నుంచే జరుపుతుంది. లెన్స్ ఆటోఫోకస్‌ది అయితే చాలు. కలపడానికి హెలికాన్ ఫోకస్, జెరీన్ స్టాకర్, ఫొటోషాప్ మూడూ పనికొస్తాయి.

స్టాక్ (ఇలా కలపడానికి తీసిన ఫొటోల వరుస) చెడేది ఎక్కువగా సెట్టింగుల వల్లే. అపర్చర్, షట్టర్, ఐఎస్‌ఓ, వైట్ బ్యాలెన్స్ నాలుగూ చేత్తో బిగించాలి. ఏ ఒక్కటి ఆటోలో ఉన్నా ఫొటోకి ఫొటోకి వెలుతురో రంగో మారి, కలిపినచోట మచ్చలు పడతాయి. ట్రైపాడ్ మీద చేతి వణుకుని సర్దే స్టెబిలైజేషన్ ఆపేయాలి. ఫ్యాన్ కట్టేయాలి, గాలికి నాచు చెట్ల కొమ్మలు కదిలితే రెండేసి కొమ్మలు వస్తాయి. చెక్క నేల అయితే షట్టర్ తెరిచి ఉన్నంతసేపూ అడుగు తీయకూడదు.

సిగ్నల్ స్తంభం చుట్టూ వచ్చే మసక వలయం సంగతి వేరు. వెనక కొండ మీద ఫోకస్ ఉన్నప్పుడు ముందున్న స్తంభం ఉబ్బి, తన పక్కనున్న కొండని కప్పేస్తుంది. ఆ పట్టీలో కొండ పదునుగా ఉన్న ఫొటో ఒక్కటీ ఉండదు, సాఫ్ట్‌వేర్ ఎక్కడి నుంచి తెస్తుంది? ఎఫ్/8 బదులు ఎఫ్/11 పెడితే ఉబ్బు తగ్గుతుంది. స్తంభానికీ బ్యాక్‌డ్రాప్‌కీ మధ్య దూరం తగ్గేలా కెమెరా చోటు మార్చినా తగ్గుతుంది. మిగిలినది రీటచ్‌లో బ్రష్‌తో సర్దుకోవాలి.

సాయంత్రం దీపాలు వేశాక ఇంకో రెండు విషయాలు. కిటికీ వెలుతురు, గది బల్బు, లేఅవుట్ ఎల్‌ఈడీలు మూడూ కలిస్తే ఏ వైట్ బ్యాలెన్సూ (తెలుపు తెల్లగా రావడానికి చేసే రంగు సర్దుబాటు) కుదరదు. ఒకే రకం దీపాలు ఉంచి మిగతావి ఆర్పేసి, బూడిద రంగు గ్రే కార్డు మీద కొలత తీసుకోవాలి. ఆటోకి వదిలితే ఫ్రేములో గడ్డి ఎక్కువున్నప్పుడు రంగు ఒకవైపు లాగేస్తుంది. ఎల్‌ఈడీల మినుకు వల్ల, ముఖ్యంగా ఎలక్ట్రానిక్ షట్టర్‌తో, ఫొటోలో అడ్డచారలు పడతాయి. అర సెకను కంటే ఎక్కువ తెరిస్తే ఆ చారలు సర్దుకుపోతాయి, అందుకే ఐఎస్‌ఓ 100 దగ్గరే ఉంచడం రెండిందాలా లాభం. డీసీసీ (డిజిటల్ సంకేతాలతో నడిపే పద్ధతి) ఇంజను హెడ్‌లైటు వెలిగి ఉంటే అది ఒక్కటే తెల్లగా మండిపోతుంది. లైటు ఆర్పి స్టాక్ తీసి, వెలిగించి తక్కువ ఎక్స్‌పోజర్‌తో ఒక్క ఫొటో విడిగా తీసి తర్వాత కలుపుకోవాలి.

కెమెరా లేఅవుట్ లోపల ఉంటే వ్యూఫైండర్‌కి కన్ను ఆనించడం కుదరదు. తిరిగే స్క్రీన్ ఉండాలి, లేదా వైఫై మీద ఫోన్‌లో లైవ్ వ్యూ రావాలి. రెండోదే మేలు, షట్టర్ కూడా అక్కడి నుంచే నొక్కవచ్చు. లైవ్ వ్యూ బ్యాటరీని త్వరగా తాగేస్తుంది. స్టాక్ మధ్యలో ఆగితే బ్యాటరీ తీసి పెట్టేటప్పుడు కెమెరా కదిలి మొత్తం మళ్లీ మొదలు. డమ్మీ బ్యాటరీతో ప్లగ్‌కి కలిపే వీలున్న మోడల్ అయితే ఆ బెడద ఉండదు.

ఇవన్నీ కలిపి చూస్తే నా మొగ్గు ఫోకస్ బ్రాకెటింగ్ ఉన్న చిన్న మైక్రో ఫోర్ థర్డ్స్ లేదా ఏపీఎస్-సీ మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని కెమెరా) వైపే, పాతదైనా పర్లేదు. ఎన్ స్కేలు వాళ్లకి పది మి.మీ. ఎత్తు దగ్గర ఆ బాడీ కూడా పెద్దదే. వాళ్లు ఒలింపస్ టీజీ లాంటి కాంపాక్ట్ చూసుకోవడం మంచిది. ఏది చేతికొచ్చినా కొనేముందు ఒక పరీక్ష: 30 సెం.మీ. స్కేలుని లెన్స్‌కి ఎదురుగా, దూరంగా పోయేలా బల్ల మీద పరిచి, 10 సెం.మీ. గీత మీద ఫోకస్ పెట్టి, ఎఫ్/5.6 నుంచి ఎఫ్/22 దాకా ఒక్కో మెట్టుకి ఒక్కో ఫొటో. తర్వాత పెద్ద స్క్రీన్ మీద పూర్తి సైజులో చూసి, ఎన్ని మి.మీ. గీతలు విడివిడిగా కనబడుతున్నాయో లెక్కపెట్టాలి. ఒక మెట్టు దాటాక 10 సెం.మీ. దగ్గరి గీతలే మెత్తబడటం మొదలవుతుంది. దానికి ముందు మెట్టే ఆ లెన్స్‌తో వాడాల్సిన అపర్చర్. దాన్ని టేపు ముక్క మీద రాసి బాడీకి అతికించుకోవచ్చు.